ఆరో మెట్టు మీద మనిషి

అతను ఆ రోజు కూడా వచ్చి ఆరో మెట్టు మీద కూర్చున్నాడు.

తలుపు కన్నంలోంచి చూసిన ఆమెకు గుండె ఝల్లుమంది.

నెరిసిన గడ్డం. ఒళ్లో సంచి. సంచిలో చెయ్యి. ఆ చేతిలో ఏముందో కనబడదు. చూపు మాత్రం వీళ్ల తలుపు మీదే.

ఇది తొమ్మిదో రోజు. ఆమె కుట్టుమిషను మొదలుపెట్టే వేళకు వస్తాడు. సాయంత్రం మిషను ఆపగానే లేచిపోతాడు. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లని, అందులో ఒకరు మంచం దిగలేరని బాగా తెలిసినవాడే అయ్యుండాలి.

ఆ భయంలో నిన్న ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టేసింది.

లోపలి గదిలో అమ్మ. గుండె జబ్బు. ఛాతీకి కట్టిన పట్టీ గుండె చప్పుళ్లు లెక్కపెట్టి బ్లూటూత్‌లో పంపుతుంది. రాత్రిళ్లంటే ఆమె అమ్మ పక్కనే పడుకుంటుంది. పగలు మిషను మోతలో అమ్మ పిలిచినా వినపడదు. అందుకే తమ్ముడు వాడి వదిలేసిన, చేతిలో పట్టే చిన్న కంప్యూటరును వెతికి తీసింది. ఆ అంకె అందులో కనబడాలి, తేడా వస్తే అది కూత పెట్టాలి.

దాంట్లో విండోస్ బదులు లైనక్స్ ఉంది, వైఫై ఉంది. బ్లూటూత్ ఒక్కటే లేదు.

రిపేరు షాపులో బ్లూటూత్ కార్డు కొని పెట్టించింది.

"ఇది లైనక్స్‌తో ఓ పట్టాన కలవదమ్మా," అన్నాడు షాపు యజమాని. "మా లోపలాయన చూస్తాడులెండి. పట్టుకున్నాడంటే వదలడు."

లోపలాయన తెర వెనకే ఉండిపోయాడు, ముఖం కూడా చూపించలేదు. అడ్రసు, వైఫై పాస్‌వర్డు మాత్రం రాయించుకున్నారు. మర్నాడు ఇంట్లో ఆన్ చెయ్యగానే అంకె కనబడింది. డెబ్బై రెండు. మిషను నడిచినంతసేపూ దాన్ని ఆన్‌లో ఉంచి, సాయంత్రం మిషనుతో పాటే ఆపేసేది.

మెట్ల మీద మనిషి కూడా ఆ రోజు నుంచే తగులుకున్నాడు.

నాలుగో రోజు కంప్యూటరు కూత పెట్టింది. అదే క్షణంలో బయటినుంచి తలుపు దబదబా బాదారు.

ఆమె లోపలికే పరిగెత్తింది. అమ్మ నాలుక కింద మాత్ర పెట్టింది. గండం గడిచింది.

తర్వాత కన్నంలోంచి చూస్తే, అతనే. చెమట తుడుచుకుంటున్నాడు.

'అదను చూసి తలుపు విరగ్గొట్టబోయాడు!' అనుకుని ఇంకో గొళ్లెం వేయించుకుంది.

ఈ రోజు ఇక ఆమె వల్ల కాలేదు. కింది ఇంటి డ్రైవరుకు ఫోన్ చేసింది.

"అన్నా, వాడు మళ్లీ వచ్చాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

"నువ్వు తలుపు తియ్యకమ్మా. వాడి సంగతి నేను చూస్తాను."

డ్రైవరు రెండేసి మెట్లెక్కి వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఇక్కడేం పని?"

"కా... కా..."

"కాకిలా ఆ అరుపేంటి? కాపు కాస్తున్నావా?"

"కా... కార్..."

"కారు కూడా తెచ్చుకున్నావా! సామాను వేసుకుపోవడానికా?"

సంచి జారింది. అందులోంచి ఏదో నల్లటి వస్తువు మెట్ల మీద దొర్లి ఫట్‌మని పగిలింది.

అతను దానికేసి చూడలేదు. ఆమె తలుపుకేసి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. డ్రైవరు మెడపట్టి కిందికి గెంటుకుపోయాడు.

'పీడ విరగడైంది,' అనుకుంది ఆమె. తొమ్మిది రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చి, వచ్చి మిషను ముందు కూర్చుంది.

కంప్యూటర్లో అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు.

"అమ్మా!"

లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. లోపలికి పరిగెత్తింది.

అమ్మ కళ్లు తెరిచింది. "ఏమైందే? అలా అరుస్తావేం?"

ఆమె అరచెయ్యి అమ్మ ఛాతీ మీద పెట్టింది. కొట్టుకుంటోంది. తన గుండే అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

ఆపి మళ్లీ ఆన్ చేసింది. రెండు గీతలే. ఒక చెయ్యి అమ్మ మీదనుంచి తియ్యకుండానే, రెండో చేత్తో షాపుకు ఫోన్ చేసింది.

"ఇన్నాళ్లూ బాగా పనిచేసిందండీ. ఇప్పుడే ఆగిపోయింది. కార్డు పాడైందేమో!"

అవతల యజమాని గొంతు తగ్గించాడు.

"ఆ కార్డు ఒక్క రోజు కూడా పనిచెయ్యలేదమ్మా."

"మరి అంకె కనబడేది కదా?"

"పట్టీ పంపేది లోపలాయన తన దగ్గరున్న పరికరంతో అందుకుని, మీ వైఫైలో మీకు పంపేవాడు. అది దూరానికి అందదు, పది నిమిషాలకోసారి తెగిపోతుంది, చేత్తో మళ్లీ కలపాలి. కార్డుకు ప్రోగ్రాం రాయడం పూర్తయ్యేదాకా తనే దగ్గరుండి కలుపుతానన్నాడు. చెబితే మీరు భయపడతారని నన్నూ చెప్పనివ్వలేదు."

ఆమె తలుపు వైపు తిరిగింది.

"ఆయన... ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఎక్కడికి పోతాడమ్మా, మీ మెట్ల మీదే కూర్చునుంటాడు, తలుపు తీసి పిలవండి, నోట మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, ఓపిగ్గా వినండి."