అరువు మిషను

"ఆ ప్లగ్గు మీద చెయ్యి వేశారంటే ఊరుకోను," అంటూ కెమిస్ట్రీ మేడం మిషనుకీ హమాలీలకీ మధ్య అడ్డంగా నిలబడింది.

హమాలీలు ప్రిన్సిపాల్ వంక చూశారు. ఆయన ఒకప్పుడు ఆవిడకు పాఠాలు చెప్పిన గురువు. "మనలాంటి చిన్న ఊళ్ళో కూడా పరిశోధన జరగాలి, నువ్వు రావాలమ్మా" అని మంచి ఉద్యోగం మానిపించి మరీ పిలిచింది ఆయనే.

పొద్దున ఈ మిషను ల్యాబులో దించినప్పుడు ఆవిడ చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఏడవదూ మరి. నీళ్ళలో ఏ విషం ఎంత కలిసిందో తేల్చి చెప్పే మిషను అది. దాని కోసం ఆవిడ ఎక్కని గడప లేదు, దిగని గడప లేదు. ఊరి బడిలోని బోరు నీళ్ళు తాగిన పిల్లలు ఒక్కొక్కరే మంచాన పడుతున్నారు. ఆ నీళ్ళే ఇప్పుడు మిషన్లో ఉన్నాయి.

"తప్పుకో తల్లీ. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. ఇది అరువు మిషను, చీకటి పడేలోపు ఇంకో కాలేజీకి చేరాలి," అన్నాడు ప్రిన్సిపాల్, గోడకేసి చూస్తూ.

"అరువా? నా కోసమే కొన్నామన్నారు కదా మాస్టారూ."

"గుర్తింపు రావాలంటే ల్యాబులో మిషను కనబడాలి. కనబడింది. ఇంక దాంతో మనకేం పని?"

"ఒక్క గంట ఆగండి. రిజల్టు వచ్చేస్తుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ నీళ్ళు ఇన్నాళ్ళూ తాగలేదా వాళ్ళు? ఇంకొన్నాళ్ళు తాగుతారు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తండ్రి తర్వాత తండ్రంతటి వాడనుకున్న మనిషి. ఆవిడ తేరుకునేలోపే ఓ హమాలీ ప్లగ్గు పీకేశాడు. తెర మీద అప్పుడప్పుడే వస్తున్న అంకెలు ఆరిపోయాయి.

ఆవిడ గెస్ట్‌రూముకి పరుగెత్తింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాయన అక్కడ బట్టలు సర్దుకుంటున్నాడు. నిజం చెబితే కాలేజీ గుర్తింపు పోతుంది, తన ఉద్యోగమూ పోతుంది. పోతే పోనీ అనుకుంది. గురువు చేసిన మోసమంతా ఏడుస్తూ చెప్పేసింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి మెల్లగా తుడుచుకున్నాడు.

"ఎంత ఘోరం. ఇలాంటివాళ్ళ వల్లేనమ్మా మన దగ్గర పరిశోధన ఒక్క అడుగు ముందుకు పడటం లేదు. నాకు చెప్పి మంచి పని చేశావు. పద, నేను చూస్తాను."

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. లోకంలో ఇంకా ఒక మనిషి మిగిలాడనుకుంటూ ఆయన వెనకాలే నడిచింది.

బయట లారీ అప్పుడే కదులుతోంది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ప్రిన్సిపాల్ పక్కకు జరిగి దారిచ్చాడు. పెద్దాయన లారీ వెనక్కి వెళ్ళి, మిషనుకి కట్టిన తాళ్ళు ఒక్కొక్కటే గట్టిగా లాగి చూసి, డ్రైవరుతో అన్నాడు.

"గతుకుల్లో మెల్లగా పోనీ. రేపు పొద్దున్నే మా కాలేజీలో ఇన్‌స్పెక్షన్. చెయ్యడానికి వస్తున్నది ఈ ప్రిన్సిపాల్‌గారే."