బండికి గొలుసు

మంచం మీద సంచి తెరిచిపెట్టి, మనోరమ అందులో దుప్పటి కుక్కుతోంది.

"దుప్పటి ఎందుకే? పెండ్లింట్ల కప్పుకోనీకి ఇంత బట్ట ఇయ్యరా?" అన్నాడు జగన్‌మోహన్.

"ఉండనియ్యిన్రి. చలికాలం."

దుప్పటి మీద జొన్నరొట్టెల మూట పెట్టింది. జగన్‌మోహన్ నెత్తి కొట్టుకున్నాడు. రేపు మోటార్‌సైకిల్ మీద ఉద్గీర్ పోవాలి, దోస్తు చెల్లెలి పెళ్లికి. ఆకు నిండా వడ్డిస్తారు. ఈవిడేమో రొట్టెలు కడుతోంది!

"తొవ్వల ఆకలైతది" అంది మనోరమ, తలెత్తకుండానే.

పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమెకు ఇంత తెలివి అబ్బలేదని అతని తీర్మానం. బజారుకు ఒంటరిగా పంపితే తప్పిపోయే రకం. వంట చేస్తుంది, గేటు తీస్తుంది, బండి తుడుస్తుంది. బండి కూడా సరిగ్గా తుడవదు. అద్దాల మీద గుడ్డ మరకలు అలాగే ఉంటాయి.

"నా తెల్ల చొక్కా ఏది?"

"ఇస్తిరీ చేసి మేకుకు తగిలించిన."

అంతలో చెయ్యి ఆపి అంది. "మన గల్లీల రెండు బండ్లు ఎత్కపోయిన్రు గద. ఒక గొలుసు కొందమా? సంచిల పట్టేది."

"నా బండి మీద చెయ్యేసే మొగోడు జహీరాబాద్‌ల ఇంకా పుట్టలే" అన్నాడు. అన్నాడే గాని, వాకిట్లో ఉన్న బండి వైపు ఓసారి తొంగిచూశాడు. పెళ్లి పందిరి పక్కన వందమంది తిరిగే చోట బండి. పోతే? ఆ బండి లేకుండా వీధిలో నడిచిపోతున్న తనను తాను ఊహించుకోలేకపోయాడు.

"నడువు" అన్నాడు. "కొనేది నేను. నువ్వు నోరు తెరవకు."

హఫీజుద్దీన్ దుకాణంలో బండి సామాన్లన్నీ దొరుకుతాయి. జగన్‌మోహన్ గల్లా బల్ల మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"భాయ్, దొంగలను పట్టనీకి మా ఇంటి ఎస్సై వచ్చింది. జర మంచి గొలుసు చూపియ్యి."

హఫీజుద్దీన్ సన్నటి తీగలాంటిది తీశాడు. "ఇది నంబర్ తాళం. తాళంచెవుల ఫికర్ లేదు."

"నంబర్‌ది వద్దన్నా" అంది మనోరమ. "ఎవలన్న కనిపెడ్తరు."

"ఓహో! దొంగలు బడికి పోయొస్తున్నరా?" అన్నాడు జగన్‌మోహన్. అయినా దాన్ని పక్కకు నెట్టాడు.

రెండోది నల్లగుడ్డ తొడిగిన లావాటి గొలుసు. మనోరమ దాన్ని చేతిలో తూచింది. సాగదీసి జానలతో కొలిచింది.

"చక్రం, కిటికీ చువ్వ రెండూ కలవాలె అన్నా. వస్తదా?"

"పెండ్లి పందిట్ల కిటికీ ఎక్కడిదే?"

"ఏదో ఒకటి ఉంటది గద, కట్టనీకి." ఆమె మళ్లీ దుకాణదారు వైపు తిరిగింది. "దీన్ని కొయ్యాలంటే ఎట్ల?"

"రంపంతోని గాదమ్మా. కరెంటు మిషన్ పెట్టాలె. వెల్డింగోళ్ల కాడ ఉంటది."

"తెల్లారంగ దొరుకుతరా వాళ్లు?"

జగన్‌మోహన్ పగలబడి నవ్వాడు. దుకాణం ముందు టైరు మారుస్తున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. "విన్నవా భాయ్? దొంగ పోయి వెల్డింగోన్ని నిద్ర లేపుతడట! దీనితోని సంసారం చేస్తున్న నేను. నాకు ఇనాం ఇయ్యాలె."

"ఎండెక్కినంకనే తెరుస్తరమ్మా" అని హఫీజుద్దీన్ నెమ్మదిగా జవాబిచ్చాడు.

మనోరమ తలాడించింది. పాఠం వంటబట్టిన పిల్లలా ఉంది ఆమె ముఖం. అది చూసి జగన్‌మోహన్‌కు ఇంకా నవ్వొచ్చింది.

"బండి అసోంటిది మరి" అన్నాడు, బయట మెరుస్తున్న ట్యాంకు వైపు చెయ్యి చూపుతూ. "పోయిన ఏడు ఈమె అలిగి, పుట్టిల్లని హుమ్నాబాద్ బస్సెక్కింది. చిరాగ్‌పల్లి దాటకముందే బస్సుకు అడ్డం పెట్టిన. అందరి ముంగట దించి, ఎన్క కూసోవెట్టుకొని తెచ్చిన. దాని పికప్ అట్లుంటది!"

హఫీజుద్దీన్ నవ్వలేదు. గొలుసును గుడ్డతో తుడవసాగాడు.

"ఇదే ఇయ్యన్నా" అంది మనోరమ. తాళం వేసి, లాగి, తీసి, మళ్లీ వేసి చూసింది. "చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి సాబ్ కాడ, ఒకటి ఇంట్ల పెట్టుకోన్రి."

"మా ఇంట్ల మొగోళ్లు చెవులు ముట్టరు భాయ్" అన్నాడు జగన్‌మోహన్. "మా అమ్మ నాటి నుంచి కోడలి కొంగుకే. మొగోడు చెవులు ఎతుక్కుంట తిరుగుతడా? అడిగితే చేతిలకు రావాలె." రెండు చెవులూ తీసి, కోడికి గింజలు చల్లినట్టు ఆమె ముందు విసిరాడు.

మనోరమ వాటిని ఏరుకుని కొంగున ముడివేసుకుంది.

మర్నాడు ఎండపొడ ముఖం మీద పడ్డాక జగన్‌మోహన్ లేచాడు. కళ్లు నులుముకుంటూ నేరుగా వాకిట్లోకి వచ్చాడు. బండిని చూడనిదే అతనికి తెల్లారినట్టుండదు.

బండి ఉంది. వెనక చక్రంలోంచి దూరిన గొలుసు కిటికీ చువ్వలను రెండు చుట్లు చుట్టుకుని, బిగుసుకుని ఉంది. గుంజి చూశాడు. కాలితో తన్ని చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు.

పర్వాలేదే, అనుకున్నాడు. జన్మకో పని సరిగ్గా చేసింది.

"మనోరమా! చెవి తేవే!" అని సీటు మీద దరువేస్తూ కేకేశాడు.

కార్తీకమాసంలో ఆ గురువారం, ఇంకా చీకటి విడకముందే హుమ్నాబాద్ మొదటి బస్సెక్కిన మనోరమ, ఆ ఇంటికి మళ్లీ రాలేదు.