నూటికి పన్నెండు

"ఎన్నో నంబరమ్మా?" అని అడిగింది పక్క కుర్చీలోని పెద్దావిడ.

"ఏడు," అంది ఆమె.

"ఆయన లోపలిదాకా వచ్చారు, అదృష్టవంతురాలివి. మా ఆయనైతే గేటు దగ్గరే స్కూటరు తిప్పేశారు."

వరసగా కూర్చున్నవాళ్లందరూ ఆడవాళ్లే. ఆమె భర్త ఆ మాట వినపడనట్టు గోడమీది క్యాలెండరు చదువుతున్నాడు, అందులో తేదీలు తప్ప చదవడానికి ఏమీ లేకపోయినా. ఇంతలో ఏడో నంబరు పిలిచిన నర్సు పరీక్ష గౌను ఆమె చేతిలో పెట్టి, "తొందరగా మార్చుకోండమ్మా," అని తలైనా ఎత్తకుండా వెళ్లిపోయింది. ఆమె దాని మడత విప్పకుండానే భర్తతో పాటు సర్జను గదిలోకి నడిచింది.

సర్జను నాన్చే మనిషి కాదు. బయాప్సీ కాగితం పక్కన పెట్టి చెప్పేశారు. "క్యాన్సరే. గడ్డ రెండు సెంటీమీటర్లు. దాన్ని తీసెయ్యాలి, అందులో రెండో మాట లేదు. తేల్చుకోవలసింది చంకలోని లింఫు గ్రంథుల సంగతి."

"అక్కడికీ పాకిందంటారా?"

"పైకి తెలియడం లేదు. పాకి ఉండీ వదిలేస్తే, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పాకకుండా తీసేస్తే, కుడి చెయ్యి జన్మంతా వాచిపోయి ఉండవచ్చు."

"మాది బట్టలు కుట్టే దుకాణమండీ. కత్తిరించడం ఆయన, కుట్టడం నేను. ఎవరి చెయ్యి ఆగినా దుకాణం మూతే."

"గ్రంథులకు పాకిందో లేదో రంగు ఎక్కించి చూసే పరీక్ష ఇక్కడ లేదు. అందుకే ఈ పట్టికతో అంచనా కడతాం." సర్జను ఒక అట్ట ముందుకు లాక్కున్నారు. "వయసు?"

"యాభై నాలుగు."

"గడ్డ ఎప్పుడు చేతికి తగిలింది?"

"మూడు నెలలైంది."

"అప్పుడే రావలసింది."

"దెబ్బేమో అనుకున్నామండీ. ఇలాంటిదని ఎలా అనుకుంటాం?"

అన్నిటికీ ఆమే జవాబు చెప్పింది. నోరు విప్పితే భర్త గొంతు నిలవదని ఆమెకు తెలుసు. సర్జను ఒక్కొక్క వివరానికీ అంకె వేసి, అడ్డగీత గీసి కూడారు.

"నూటికి పన్నెండు. పాకి ఉండే అవకాశం అంత. పదిహేను దాటితే గ్రంథులు తీస్తాం. లోపైతే జోలికి పోం."

మూడు నెలల్లో మొదటిసారి ఆమెకు ఊపిరాడింది. "అయితే వదిలేయొచ్చు."

"ఆ మాట నేను అనలేనమ్మా."

"లెక్క తప్పిందా?"

"సరిగ్గానే ఉంది."

"మరి ఇంత చదివిన మీరే తేల్చకపోతే, బొత్తాలు కుట్టుకునేవాళ్లం మేమేం తేలుస్తామండీ?"

సర్జను కలం బల్లమీద పెట్టారు. "ఇంతకన్నా మంచి లెక్క నా దగ్గర లేదు. ఇది ఇక్కడ పనికొస్తుందో రాదో చెప్పే లెక్క అసలే లేదు. ఆపరేషను ఎల్లుండి. రేపు సాయంత్రంలోగా ఇద్దరూ ఆలోచించుకుని ఏదో ఒకటి చెప్పండి."

అప్పుడు భర్త తలెత్తాడు. "ఈ పట్టిక ఎవర్ని చూసి కట్టారండీ?"

"పద్నాలుగు వందల మంది ఆడవాళ్లని చూసి."

ఆమె అట్టను తనవైపు తిప్పుకుని, పట్టుకోవడానికి ఇంకేదైనా దొరుకుతుందేమోనని చివరి వరస దాకా చదివింది. ఏమీ దొరకలేదు.

గడ్డ ఉన్నది ఆమె భర్త రొమ్ములో.