మూడు మునకలు

మాఘ పౌర్ణమి. కొత్తపట్నం సముద్రపు ఒడ్డు జనంతో కిటకిటలాడుతోంది. సుశీలమ్మ చూపు మాత్రం అల్లుడు నరేష్ మీదే ఉంది.

తర్లుపాడు నుంచి బస్సులో వచ్చేటప్పుడూ అంతే. అతను కిటికీ వైపు తిరిగితే అనుమానం, ఫోన్ చూసుకుంటే అనుమానం. అనుమానం పెనుభూతం అంటారు. సుశీలమ్మకు అది ఏడాదిగా ఇంటి మనిషే.

కూతురు కవిత పోయి ఏడాది నిండింది. మోటారు వేయబోయి, కాలు జారి పొలం బావిలో పడిందని నరేష్ చెప్పాడు. ఊరంతా నమ్మింది. సుశీలమ్మ నమ్మలేదు. నడుముకు సొరబుర్ర కట్టి కవితకు అదే బావిలో ఈత నేర్పింది తనే మరి.

ఇప్పుడతనికి రెండో సంబంధం కుదిరింది. ముందుగా సముద్ర స్నానం చేస్తే పోయినామె దోషం తగలదని పెద్దలన్నారు. తోడు వస్తానని సుశీలమ్మే బయలుదేరింది. ఎంత మంచి అత్తో అని ఊళ్లో మెచ్చుకున్నారు.

అలలు తెల్లగా విరుచుకుపడుతున్నాయి. నరేష్ మోకాళ్ల లోతులోనే ఆగిపోయాడు.

"ఏంది నాయనా, ఆగినావు?"

"నాకు ఈత రాదు గదత్తా. ఈ అలలు జూస్తే భయమైతాంది."

"కవిత పడిననాడు గూడా అందుకే దూకలేదంటివి."

నరేష్ ముఖం మాడిపోయింది. "ఇంకా నామీద అనుమానమేనా అత్తా? తలకు రాయి తగిలి మునిగిందని అందరూ జెప్పినారు గదా."

ఆ మాట అంటూ అతను ఆమె కళ్లలోకి చూడలేదు. సుశీలమ్మ గుండె భగ్గున మండింది. గొంతు మాత్రం మెత్తగానే వచ్చింది.

"అనుమానముంటే నీ వెంట ఎందుకొస్తా? అట్ల చూడు. ఆ అలల నడుమ సందులో అల ఒక్కటీ విరగడంల్యా. మనూరి చెరువు మాదిరి నిమ్మళంగా ఉంది. ఆడికి పోయి మూడు మునకలేసి రా. నేను ఈడ్నే ఉంటా."

నరేష్ అటు చూశాడు. నిజమే, నీళ్లు నున్నగా ఉన్నాయి. చెరువులే చూసి పెరిగినవాడికి కదలని నీళ్లను మించిన భరోసా ఏముంటుంది? అతని ముఖం తేటపడింది.

"మాయమ్మ కన్నా ఎక్కువ నువ్వు" అంటూ అటు నడిచాడు.

సముద్రం మనిషిని లోపలికి లాక్కుపోయేది అలలు విరగని అలాంటి సందుల్లోనేనని, పోయిన వారం ఒంటరిగా ఇక్కడికొచ్చి పడవల వాళ్లను అడిగి మరీ తెలుసుకుంది సుశీలమ్మ.