ఖాళీ సిరంజి

పగ పట్టుడుల మా దూలయ్యను మించినోడు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా లేడు. ఇది నా గ్యారంటీ.

మెడికల్ బోర్డు రోజు దూలయ్య గుండె ఉన్నట్టుండి ఉరుకుడు మొదలువెట్టింది. నిమిషానికి నూట తొంభై.

ఆయనకు సంబురం. గిట్ల ఉరుకుతుండగనే గుండె మిషన్ కాడ పండుకోబెడితే ‘అన్‌ఫిట్’ రాస్తరు. గనిల తన నౌకరి కొడుకు శివకుమార్‌కు వస్తది. ఈ నెల దాటితే కొడుక్కి వయసు మించిపోతది.

లైన్ పెద్దగున్నది. వార్డు ఆయా ఒకామె, ఆ దవాఖానాకు కొత్తగ బదిలీ మీద వచ్చిన మనిషి, మణికట్టు పట్టుకున్నది.

"ఎంతసేపయింది అన్నా?"

"గంట. నీకెందుకమ్మా, పో."

"పోత. ముందు ఇది ఊదు." ఖాళీ సిరంజి నోట్ల పెట్టింది. "లోపలి కడ్డీ జరిగేదాక ఊదు."

గద్దించినట్టే అన్నది. దూలయ్య ఊదిండు. ఊదంగనే బల్ల మీద ఎల్లకిల పండబెట్టి రెండు కాళ్లు పైకెత్తింది.

గుండె ఒక్క క్షణం ఆగింది. తర్వాత బుద్ధిగా నడిచింది.

"ఏం జేసినవే?"

"గుండెకు రెండు పగ్గాలుంటయి అన్నా. ఒకటి ఉరికిస్తది, ఒకటి ఆపుతది. ఆపేదాన్ని గుంజిన, గంతే."

పది నిమిషాలకు మిషన్ కాగితం వచ్చింది. ఫిట్.

కొడుకు వయసు దాటింది.

దూలయ్య ఆమె పేరు తెలుసుకున్నడు. రూప్లి. ‘ఆయా డాక్టర్ పని చేస్తున్నది’ అని పదకొండు అర్జీలు పెట్టిండు. చివరికి ఆమెను మణుగూరు అవతల, అడవి అంచు దవాఖానాకు ఎత్తేసిండ్రు.

ఆమె ఏడుపు కండ్లార చూడకుంటే అది పగెట్లయితది? రెండేండ్లకు బస్సెక్కిండు.

పగ తలుచుకున్నకొద్దీ గుండె ఉరుకుడే. ఆనాడు జేబుల ఏసుకొచ్చిన సిరంజి తీసి, రూప్లిని తిట్టుకుంటనే ఊదిండు. సీటు మీద ఎల్లకిల పడి కాళ్లు కిటికీకి ఎత్తిండు. కండక్టర్ తిట్టిండు. గుండె మాట విన్నది.

దవాఖానాల నర్సు సరిత కూసున్నది.

"రూప్లి ఏది?"

"పోయిన నెల రిటైరయింది. మీరెవరు పెద్దాయనా?"

"ఆమె ఊదించినోణ్ని."

సరిత నవ్వింది. "మీరు గూడనా? ఈ గూడేలల్ల ఎంతమందిని ఊదించిందో."

"ఆయాకు ఆ పనేంది?"

"ఆమె పెనిమిటిది గూడ గని నౌకరే. కొడుక్కి నౌకరి రావాలని, గుండె ఉరుకుతున్నా ఎవ్వరికీ చెప్పకుండ మిషన్ లైన్ల నాలుగు గంటలు కూసున్నడట. మిషన్ దాకా రాలేదు, కూసున్న కాడనే పాణం పోయింది. ఊదిస్తే ఆ ఉరుకుడు ఆగేదని ఆ రోజే డాక్టర్ చెప్పిండట. ఆమె ఆయా నౌకరి గట్ల వచ్చిందే."

నా గ్యారంటీ వాపసు. దూలయ్య పగ ఆ దవాఖానా గడప కూడ దాటలేదు.

రూప్లి తండా వెతుక్కుంటపోయి, పదకొండు అర్జీలూ అబద్ధమని రాసిచ్చి, ఆమెకు దండం పెట్టిండు.

ఇందులో నేను కల్పించింది ఆ తండా ముచ్చటొక్కటే. దూలయ్య వచ్చిన బస్సుకే వెనక్కి పోయిండు, అర్జీలు ఇప్పటికీ రూప్లి ఫైల్లనే ఉన్నయి.