కొరికినా తెగనిది

"కుక్క కొరికినా తెగని బొమ్మ ఉంటే ఇయ్యి బిడ్డా," అంది భూమక్క, కామారెడ్డి దుకాణంలో.

"ఏమేం కొరుకుతది అవ్వా?"

"ఏది దొరికితే అది. చీపురు, నులక, చెప్పులు..."

దుకాణదారు ఇచ్చిన రబ్బరు ఎముకను తన పళ్లతో కొరికి చూసి మరీ కొన్నది.

ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఇల్లు చేరేసరికి, కుక్క వాకిట్లో పాత చెప్పొకటి నములుతోంది.

భర్త హన్మండ్లు పోయిన నాడు, ఆనవాయితీ ప్రకారం ఆయన బట్టలు, మంచం, అన్నీ ఊరి బయట పారేశారు. అంతకుముందే కుక్క ఎత్తుకుపోయి దాచిన ఆ ఒక్క చెప్పే మిగిలింది.

భూమక్క కుక్క ముందు చతికిలబడి, ఎముక చాపింది.

"ఇగో, ఇది నువ్వు కొరుక్కో కొడుకా. మీ బాపుది నాకియ్యి."