ఊఁ కొట్టిన బల్ల

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బల్లలు ఏ పుస్తకాన్నైనా చదువరి ఇంటిభాషలో చదివి వినిపిస్తాయి. కోయభాష మాత్రం వాటికి రాదు. పది రోజుల్లో నేర్పకపోతే ఆ భాషను వదిలేస్తామన్నారు పైవాళ్లు. చూపులేని విద్యార్థిని కుంజా ముత్తి విని నేర్చుకుంటుందని తన అవ్వను తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టింది.

అవ్వ కథ మొదలుపెట్టి అంతలోనే ఆపేసింది. “ఊఁ కొట్టనోళ్లకు కథెట్టా చెప్తాం సారూ?”

లైబ్రేరియన్ పరాంకుశం కుర్చీ లాక్కున్నాడు. భార్య పోయాక ఆయన ఎవరికీ ఊఁ కొట్టలేదు. కోయ ఒక్క ముక్క రాకపోయినా తొమ్మిది రోజులు మనసారా ఊఁ కొట్టాడు. పదోరోజు ఆయన గొంతు పోయింది.

అవ్వ కథ ఆపింది.

“ఊఁ... తర్వాత?” అచ్చమైన కోయలో అడిగింది బల్ల.

“మాటొచ్చిందే దీనికి!” అవ్వ బల్లను నిమిరింది. “ముత్తీ, పెట్టవే నీ పుస్తకం!”